సంచి ముట్టిన చేయి

మీ ఇంటి మనిషి ఒకడు పొద్దున పనికి వెళ్లి సాయంత్రానికి శవమై తిరిగొస్తే మీరు మొదట ఎవరిని నిలదీస్తారు? అతను పని చేసిన యంత్రాన్నా, అతనికి ఆ పని నేర్పినవాణ్ణా, తొందరపెట్టి చేయించినవాణ్ణా? లేక వంటింటి గోడకు ఆనుకుని ఏడుస్తున్న అతని భార్యనా? వెంటనే జవాబు చెప్పకండి. మీరు చదువుకున్నవాళ్లు, యంత్రాన్నే అంటారు. సూరత్‌లో మా బస్తీ నవాగామ్‌లో అడిగినా అందరూ అలాగే అంటారు, చావు జరగని రోజున అడిగితే.

కొవిడ్ రెండోసారి మా బస్తీలను ఊడ్చుకుపోయిన మరుసటి ఎండాకాలం సంగతి ఇది. సూరత్‌లో మా తెలంగాణ వాళ్లం ఎక్కువమందిమి సాంచాలు నడపడానికి వచ్చినవాళ్లం. సాంచా అంటే పవర్‌లూమ్. నేనూ చాలా ఏళ్లు నడిపాను. సాంచాల మీద పని సగానికి పడిపోయాక, చెవులు కూడా సగం పోయాక, నేనూ రాజేశం కలిసి ఏసీ పని నేర్చుకోవడం మొదలుపెట్టాం. అప్పటికి ఇద్దరికీ నలభై దగ్గర పడింది. రాజేశం నాకు పక్క ఊరివాడు, పక్క సాంచా మీద పనిచేసినవాడు. మనిషి సన్నగా ఉండేవాడు, నోరు మాత్రం సన్నం కాదు. మా ఇద్దరికీ పని నేర్పింది జనార్దన్ ఉస్తాద్. ఆయనా మావాడే, చాలా ముందే సాంచాలు వదిలి ఏసీ కాంట్రాక్టులు పట్టి పైకి వచ్చినవాడు.

ఏసీ బిగించడమంటే గోడకు పెట్టె తగిలించడమని చూసేవాళ్లు అనుకుంటారు. తగిలించడం చిన్న పని. లోపలి యూనిట్‌ను బయటి యూనిట్‌తో రాగి పైపులతో కలపాలి. కలిపినచోట బ్రేజింగ్ చేయాలి, అంటే మంటతో కాల్చి అతుకు పెట్టాలి. తర్వాత లీక్ టెస్ట్. పైపుల్లోకి ఒత్తిడితో నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బు నురగ పూసి, బుడగలు లేస్తున్నాయేమో చూడాలి. లీకు లేదని తేలాక ఆ నైట్రోజన్‌ను వదిలేసి, వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను లాగేయాలి. అప్పటిదాకా చల్లదనమిచ్చే గ్యాస్ నింపకూడదు. అన్నిటికంటే చివరిది స్టార్టప్, మెషీన్‌ను మొదటిసారి నడపడం. ఈ వరుసలో ఏది తప్పినా మెషీన్ ఇవాళ కాకపోతే రేపు చస్తుంది. ఒక్కచోట తప్పితే మాత్రం మనిషి చస్తాడు.

ఆ ఒక్కచోటు లీక్ టెస్ట్. బ్రేజింగ్ మంట కోసం మెకానిక్ దగ్గర ఎప్పుడూ ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది, నల్లది. నైట్రోజన్ సిలిండర్ బూడిద రంగుది, దాన్ని వేరే తెచ్చుకోవాలి, వేరే మొయ్యాలి. రెండింటికీ ఒకే రెగ్యులేటర్ బిగుస్తుంది. కాబట్టి మా ఉస్తాద్ రెండోది మోయడం ఎప్పుడో మానేశాడు. నల్ల సిలిండర్‌తోనే పైపులు పరీక్షించేవాడు. నేను మొదటివారంలోనే ఎందుకని అడిగితే నవ్వాడు.

"హవా హవానేరా. లోపల హవా నిలవడ్డదంటె పైపు మంచిగున్నట్టు. గది ఏ హవా అయితే నీకేంది? సాంచా మీద దారం నడుస్తదా లేదా సూస్తవు గని, ఏ చేన్ల పత్తో అడుగుతవా?"

అందరూ నవ్వారు. ఆ రోజు నేర్చుకునే వాళ్లందరికీ పాఠం అయిపోయింది.

తర్వాత నేను ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. అక్కడ మాస్టారు చీలిపోయిన కంప్రెసర్ ఒకటి బల్ల మీద పెట్టి చూపించాడు. కంప్రెసర్ అంటే బయటి యూనిట్‌లో గ్యాస్‌ను నొక్కి తోసే మోటారు, దాని కడుపులో నూనె ఉంటుంది. ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ ఆ నూనెను తాకి, పైన మోటారు కూడా నొక్కడం మొదలుపెడితే నిప్పురవ్వ అవసరమే లేదు, నూనె దానంతటదే అంటుకుని ఇనుప డొక్కను చీల్చేస్తుంది. నైట్రోజన్ ఆ పని చేయదు. దానికి మండించే గుణం లేదు. ఇంతే శాస్త్రం. ఇది అర్థం కావడానికి ఎనిమిదో తరగతి చాలు.

మర్నాడే రాజేశంకు చెప్పాను. డిండోలి దగ్గర చాయ్ బండి ముందు నిలబడి ఉన్నాం.

"రాజేశం, గా నల్ల సిలిండర్ మాత్రం పైపులకు పెట్టకు. పేల్తది."

"ఏందే సత్తెన్నా, గది ప్రాణవాయువు గాదె? మనుషుల్ని బతికిచ్చేది మిషిన్ను సంపుతదా?"

"మనిషికి వేరే, నూనెకు వేరే."

"మా అవ్వ గీ హవాతోనే బతికె. మర్సిపోయినవా? రాత్రంత లైన్ల నిలవడి తెచ్చిన సిలిండర్. మా అవ్వ ఇప్పటికి గూడ దండం వెడ్తది దానికి."

"దండం పెట్టు. పైపులకు పెట్టకు."

"నువ్వు దేవుణ్ణి నమ్మవు, దయ్యాన్ని నమ్మవు. ఆఖరికి గాలిని గూడ నమ్మవైతివి. జర ఈ చాయ్‌నన్న నమ్ముతవా, పారవోస్తవా?"

నేనూ నవ్వాను. మాటల్లో రాజేశంను గెలిచినవాడు మా బస్తీలో లేడు. నా యవ్వనంలో మా ఊరి గ్రంథాలయంలో వాదోపవాదాల సభలు జరిగేవి. అక్కడ పండితులతో తలపడి నిలబడ్డవాణ్ణి, ఈ మనిషి ముందు ప్రతిసారీ ఓడిపోయేవాణ్ణి. అయినా కలిసినప్పుడల్లా చెప్పాను. అతని జవాబు ఎప్పుడూ ఒకటే. ఉస్తాద్ ఇన్నేళ్లుగా చేస్తున్నాడు, ఉస్తాద్‌కు ఏం కాలేదు.

ఈ మాటను పట్టుకోండి. ఇది గుడిలో వినిపించే మాట కాదు, జాతకాల మాట కాదు. పనిముట్లు పట్టిన మనుషులు పనిచోట అనే మాట. మూఢనమ్మకం అనగానే మనకు నిమ్మకాయలు, మిరపకాయలు గుర్తొస్తాయి. కాని చేతిలో స్పానర్ ఉన్నవాడు 'పెద్దాయన చెప్పాడు, ఏం కాలేదు' అన్నాడంటే అదీ మూఢనమ్మకమే. నిమ్మకాయ కట్టినవాడికి నిమ్మకాయ ఖర్చే పోతుంది. ఈ నమ్మకం మనిషినే అడుగుతుంది.

కడోదరాలో ఒక సేఠ్ కొత్తగా డిజిటల్ ప్రింట్ హాలు కట్టాడు. చీరల మీద కంప్యూటర్‌తో రంగులు దింపే మెషీన్లకు చల్లదనం, పొడి గాలి తప్పనిసరి. హాలంతటికీ గాలి పంచే పెద్ద యూనిట్ బిగించే పని ఉస్తాద్ తీసుకున్నాడు, రాజేశంను పెట్టాడు. పని సాగుతుండగా ఒక మధ్యాహ్నం అక్కడ మెషీన్ పేలిందని నాకు ఫోన్ వచ్చింది. నేను ఆస్పత్రికి చేరేసరికే రాజేశం లేడు. ముఖం చూడవద్దన్నారు. చూశాను. దాని గురించి రాయను.

మర్నాడు కడోదరా వెళ్లాను. పోలీసులు వచ్చి, ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు. సేఠ్ నన్ను ఆపలేదు, తనే బయటి యూనిట్ ఉన్న మేడ మీదికి తీసుకెళ్లాడు. కంప్రెసర్ డొక్క నిలువునా చీలి, అంచులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. ఫ్యాన్ జాలీ ఎగిరి పిట్టగోడ దగ్గర పడింది. కాలిన నూనె వాసన ఇంకా పోలేదు. నల్ల సిలిండర్ పక్కకు ఒరిగి ఉంది, దాని గొట్టం ఇంకా యూనిట్‌కే బిగించి ఉంది. బూడిద రంగు సిలిండర్ కోసం మేడంతా వెతికాను, కింద స్టోర్‌లో కూడా వెతికాను. లేదు. వాక్యూమ్ పంపు మూత తీయని పెట్టెలోనే ఉంది.

ఏం జరిగిందో తేటగానే ఉంది. లీక్ టెస్ట్ జరుగుతుండగానే, ఆక్సిజన్ లోపల ఉండగానే, ఎవరో మెషీన్‌ను నడిపారు. కాని ఎందుకు? టెస్ట్ మధ్యలో కంప్రెసర్ నడపకూడదని రాజేశంకు తెలుసు. అది ఉస్తాద్ కూడా చేయడు.

కింద హాల్లోకి వచ్చాక అర్థమైంది. లోపలి యూనిట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేసి ఉంది. దాని కింద నేల మీద రెండు కొబ్బరి చిప్పలు.

"ముహూర్త్ కియా థా?" అని సేఠ్‌ను అడిగాను.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. చెడ్డ మనిషి కాదు, ఆ మాట చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే.

"శుభ్ కా చోఘడియా నికల్ రహా థా, భాయ్. వో బోలా, సేఠ్, టెస్టింగ్ చల్ రహా హై. మైనే బోలా, సిర్ఫ్ ఏక్ మినిట్ చాలూ కర్ కే బంద్ కర్ దో. ముహూర్త్ సచవాయ్ జాయ్."

చోఘడియా అంటే గుజరాతీలు పగటిని, రాత్రిని మంచి చెడ్డ ముక్కలుగా కోసుకునే లెక్క. ఆ మంచి ముక్క దాటిపోతోందని, ఒక్క నిమిషం నడిపి ఆపెయ్యమని, అలా చేస్తే ముహూర్తం దక్కుతుందని సేఠ్ అన్నాడు. ఇది ఆ ఊళ్లో కొత్త సంగతి కాదు. ఎంబ్రాయిడరీ మెషీన్లు, ప్రింట్ మెషీన్లు, జనరేటర్లు, ఏది కొన్నా సగం బిగించి ఉండగానే మంచి ఘడియలో ఒక్కసారి తిప్పి ఆపుతారు. నేనూ ఎన్నోచోట్ల చూశాను. లోపల ఏమీ లేని మోటారు ఒక్క నిమిషం తిరిగితే ఏమీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈసారి లోపల ఆక్సిజన్ ఉంది. రాజేశం మేడెక్కి, యూనిట్ పక్కనే ఉన్న స్విచ్ వేశాడు. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినపడిందనీ, ఆ వెంటనే పైన రెండో చప్పుడు వినపడిందనీ సేఠ్ చెప్పాడు.

"మేరే కో క్యా పతా థా?" అన్నాడు. నాకేం తెలుసు అని. నిజమే, ఆయనకు తెలియదు. తెలియని పనిలో వేలు పెట్టే అధికారం మాత్రం ఆయనకు ఉంది, ఎందుకంటే మెషీన్ ఆయనది, ఘడియ ఆయనది. టెస్టింగ్ అవుతోంది సేఠ్ అన్న కూలివాడి మాటకు ఆ హాల్లో పంచాంగానికి ఉన్న బరువు లేదు.

నేను అనుకున్నాను, ఇక చెప్పాల్సింది తేలిపోయింది, వెళ్లి చెప్పడమే మిగిలిందని. నవాగామ్‌లో రాజేశం ఇంటికి వెళ్లేసరికి అక్కడ తీర్పు అయిపోయి ఉంది.

రాజేశం భార్య భాగ్య. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు శ్రావణి ఒక్కతే సంతానం. వాళ్లు ఉండేది రాజేశం అన్న గంగారాం ఇంట్లో, కింద ఆయన సాంచాలు నడుస్తాయి, పైన అందరి కాపురాలు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు సాంచా ముట్టకూడదు. రాజేశం సాంచా వదిలి ఏసీ పనిలోకి వచ్చాక ఆ కట్టుబాటు కూడా అతనితోపాటే వచ్చి అతని సంచిలోకి చేరింది. పానాలు, అంటే స్పానర్లు, ఒత్తిడి కొలిచే గేజీలు ఉన్న ఆ సంచిని భాగ్య ఆ రోజుల్లో ముట్టేది కాదు.

చనిపోయిన రోజు పొద్దున రాజేశంకు ఆలస్యమైంది. మెట్ల కింద నుంచి సంచి అందియ్యమని కేకేశాడు. శ్రావణి బడికి వెళ్లిపోయింది. భాగ్యకు అవి ఆ రోజులే. అందించింది.

ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. శవం మీద పడి ఏడుస్తూ ఆమే చెప్పింది. "నేనే సంపుకున్న. నా శేతులతోని సంచి ఇచ్చిన. నాకు తెల్సి గూడ ఇచ్చిన."

అంతే, గంగారాంకు కారణం దొరికింది. ఉస్తాద్ జనార్దన్ కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను మేడ మీద చూసింది చెప్పబోతే ఆయన నన్ను ఆపాడు.

"నల్ల సిలిండర్ నేను రోజు వాడ్త, సత్తెం. నాకేమైంది? సేఠ్ మంచి చోఘడియా సూసి నడిపిచ్చిండు. సామాన్లకు అంటు తగిలినంక మల్ల ఏ చోఘడియా అయితే ఏం జేస్తది?"

"ఉస్తాద్, కంప్రెసర్ పేలింది. సంచి పేలలేదు."

"సావు ఇంట్ల నీ వాదన వెట్టకురా," అన్నాడు గంగారాం. "నా తమ్ముడు పోయిండు. నీకిప్పుడు గెలుసుడు కావాల్నా?"

మర్నాడు ఆ సంచిని గేజీలతో, పానాలతో సహా తాపీ నదిలో కలిపేశారు.

కాస్త ఆగి ఈ తీర్పును దాని గుడ్డలు విప్పి చూడండి. తప్పుడు పద్ధతి నేర్పినవాడు బయటపడ్డాడు. పని మధ్యలో స్విచ్ వేయించినవాడు బయటపడ్డాడు. ఇద్దరూ సాయంత్రానికి భోజనం చేసి పడుకోగలిగారు. మొత్తం బరువు ఎవరి మీద పడింది? ఆ కంప్రెసర్‌ను జీవితంలో చూడని మనిషి మీద. పైగా ఆమె చేత్తోనే దాన్ని ఆమె నెత్తికెత్తించారు. వేరెవరూ బలవంతపెట్టనక్కర్లేదు, చిన్నప్పటి నుంచి నేర్పింది ఆమె నోటే ఒప్పుకుంది. నింద వేయడానికి సాక్ష్యం అక్కర్లేని న్యాయస్థానం మనకు ఇంటింటికీ ఒకటి ఉంది. అందులో ముద్దాయి ఎప్పుడూ ఆడదే ఎందుకు అవుతుందో అడిగితే మనం ఆచారమంటాం, సంప్రదాయమంటాం, పెద్దలంటాం. నేను దాన్ని పిరికితనమంటాను.

గంగారాం నిర్ణయం కూడా ప్రకటించాడు. మాసికం అయ్యాక భాగ్య పుట్టింటికి వెళ్లిపోవాలి. సాంచాలు నడిచే ఇంట్లో ఆ చెయ్యి ఉండకూడదు. శ్రావణి మాత్రం ఇక్కడే ఉంటుంది, అది మా రక్తమన్నాడు. మొగుణ్ణి చంపుకున్నదానికి కూతుర్ని అడిగే హక్కు లేదని భాగ్య కూడా నమ్మింది.

మాసికానికి ముందురోజు మధ్యాహ్నం, నేను సొంతంగా పెట్టుకున్న ఏసీ రిపేరు కొట్లో ఒక్కణ్ణే ఉండగా భాగ్య వచ్చింది. శ్రావణి గుమ్మం బయట నిలబడింది.

"అన్నా, ఆ రోజు నువ్వు ఏదో చెప్పబోయినవు. మా బావ చెప్పనియ్యలె. ఏంది అది?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మాటలు వద్దన్నా. మాటలు అందరు చెప్తున్నరు. సూపియ్యగల్గుతవా?"

కొట్లో ఒక మూల నల్ల సిలిండర్, ఇంకో మూల బూడిద రంగుది ఉన్నాయి. దేవుడి పటాలు లేని కొట్టు కాబట్టి అగరుబత్తి కోసం పక్క కిరాణా కొట్టుకు వెళ్లాల్సి వచ్చింది. అగరుబత్తి వెలిగించి, మంట ఆర్పి, కొస మాత్రం ఎర్రగా ఉండగా ఉంచాను. ఒక ఖాళీ సీసాలోకి బూడిద రంగు సిలిండర్ నుంచి నైట్రోజన్ పట్టి, దాంట్లోకి అగరుబత్తి దించాను. కొస నల్లబడి చచ్చిపోయింది. మళ్లీ వెలిగించి ఆర్పి, ఇంకో సీసాలోకి నల్ల సిలిండర్ నుంచి ఆక్సిజన్ పట్టి దించాను. ఎర్రటి కొస భగ్గున తెల్లటి మంటై లేచింది. భాగ్య వెనక్కి జరిగింది.

"గిదేనా ఆయన పెట్టింది?"

"ఇదే చెల్లె. లోపల నూనె ఉన్నది. పైనించి మిషిన్ నడిపిండ్రు."

"మల్లొక్కసారి సూపియ్యి."

మళ్లీ చూపించాను. ఇంకోసారి అంది. సీసా తన చేతిలోకి తీసుకుని, అగరుబత్తి తనే దించి చూసింది. తర్వాత కొట్లో నేర్చుకునేవాళ్ల కోసం స్టాండ్ మీద బిగించి పెట్టిన ఏసీ వైపు చూసింది.

"అన్నా, నాకు ఇయ్యాల గవే రోజులు. అందుకే ఇయ్యాలనే వచ్చిన."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమె నేల మీదున్న నా సంచి దగ్గరికి వెళ్లి రెండు చేతులతో ఎత్తింది. పానాలన్నీ ఒక్కొక్కటీ బయటికి తీసి తాకింది. గేజీలు తాకింది. స్టాండ్ దగ్గరికి వచ్చి బయటి యూనిట్ మీద అరచెయ్యి ఆనించి, "స్విచ్ ఏదన్నా?" అని అడిగింది. చూపించాను. శ్రావణి బయటి నుంచి "మమ్మీ, మత్ కర్," అంది.

"జరగు బిడ్డా, దూరం జరగు," అని, భాగ్య స్విచ్ వేసింది.

ఫ్యాన్ తిరిగింది. కంప్రెసర్ అందుకుంది. కాసేపటికి లోపలి యూనిట్ నుంచి చల్లగాలి వచ్చి ఆమె ముఖానికి తగిలింది. ఆమె ఒక చెయ్యి మెషీన్ మీద పెట్టే ఉంచి, నిలబడినచోటే ఏడ్చింది. అది ఊరట ఏడుపు కాదు. తను చంపలేదని తెలిసిన మరుక్షణం, చావాల్సిన అవసరమే లేకుండా ఆ మనిషి చచ్చిపోయాడని కూడా తెలిసింది.

"ఆయనకు గీ సంగతి చెప్పలేదా అన్నా?"

"చెప్పిన. చానాసార్లు చెప్పిన."

"ఇనలేదా?"

"ఉస్తాద్ మాట మీద ఉన్నడు."

"నేను చెప్తె గూడ ఇనకపోతుండె," అంది. "నవ్విచ్చి తప్పిచ్చుకునేటోడు."

మర్నాడు మాసికానికి నేనూ వెళ్లాను. భోజనాలయ్యాక గంగారాం అందరి ముందు పుట్టింటి మాట ఎత్తాడు. భాగ్య లోపలి గదిలోంచి బయటికి వచ్చింది. గంగారాంతో మాట్లాడలేదు, నేరుగా ఉస్తాద్ ముందు నిలబడింది.

"మామా, ఆయనకు నల్ల సిలిండర్ పెట్టుడు మీరేనా నేర్పింది?"

"అందరం గట్లనే నేర్సుకున్నం తల్లీ. ఇన్నేండ్ల నుంచి చేస్తున్న. నాకేం కాలె."

"నేను గూడ ఇన్నేండ్ల నుంచి ఇదే ఇంట్ల ఉన్న. తెల్సో తెల్వకో ఆ రోజులల్ల ఎన్ని ముట్టిన్నో. ఏం కాలె. ఏం కాకపోతె మీ సిలిండర్ మంచిదైంది. ఏం కాకపోయినా నా శెయ్యి మాత్రం శెడ్డదెట్లైంది?"

ఎన్ని సభల్లో ఎందరు పండితుల వాదనలు విన్నానో, ఇంత తేటగా కోసిన ప్రశ్న నేను వినలేదు. నేను లేచి మేడ మీద చూసిందంతా చెప్పాను. సేఠ్ అన్న మాటలు చెప్పాను. ఈసారి ఎవరూ ఆపలేదు.

కథ అయితే ఇక్కడ గంగారాం కళ్లు తెరవాలి. తెరవలేదు. "ఆడోళ్లు నలుగుట్ల నిలవడి లెక్కలడుగుడేంది? అయిందేదో అయింది," అని లేచి కిందికి వెళ్లి సాంచాలు చాలూ చేయించాడు. ఆ చప్పుడులో ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. జవాబు లేనివాడికి చప్పుడు ఒక జవాబు. భాగ్య ఆ సాయంత్రమే కూతురి చెయ్యి పట్టుకుని ఇల్లు దాటింది. మా ఇంటి వెనక వీధిలో చిన్న గది తీసుకుంది. కూతుర్ని మాత్రం ఎవరికీ వదల్లేదు. ఇప్పటికీ రాళ్లు అంటిస్తోంది. మా వాళ్ల పెళ్లిళ్లకు, పేరంటాలకు ఆమెను పిలవరు. పిలవకపోవడానికి కారణం అడిగితే విధవ అంటారు. సంచి మాట పైకి ఎవరూ ఎత్తరు, మరిచిపోయినవాళ్లూ ఎవరూ లేరు.

ఉస్తాద్ పని మానలేదు. ఆయన బండి వెనక ఇప్పటికీ నల్ల సిలిండర్ ఒక్కటే కనిపిస్తుంది. కడోదరాలో ఆ హాలుకు ఇంకో యూనిట్ వచ్చింది. దాన్ని ఏ ఘడియలో నడిపారో నాకు తెలియదు.

ఈ మధ్య భాగ్యను అడిగాను, మనసు కుదుటపడిందా అని. రాళ్లు అంటిస్తూనే చెప్పింది.

"పొద్దంత నీ మాటనే నమ్ముత అన్నా. నా కండ్లతోని సూసిన గద. రాత్రి పండుకుంటె మల్ల ఆయన మెట్ల కింద నిలవడి సంచి ఇయ్యమంటడు. ఇయ్యకుంటె బతికేటోడేమో అనిపిస్తది."

నా వృత్తిలో నేను నేర్చుకున్న అతి చేదు పాఠం అదే. చచ్చాక చెప్పిన నిజం సగమే పనిచేస్తుంది. పగటిని మాత్రం బాగుచేసి ఆగిపోతుంది. ఎంత గట్టి రుజువైనా, ఎంత తెల్లటి మంటైనా, చిన్నప్పుడు మనసులో నాటిన భయం వేరు దాకా వెళ్లదు. నిజాన్ని చావుకంటే ముందు చెప్పాలి, అది కూడా మెకానిక్ ఒక్కడు చెబితే చాలదు. రాజేశం నా మాట వినలేదు. పని ఇచ్చినవాడు అడిగి ఉంటే వినేవాడు. సేఠ్ మంచి ఘడియ అడిగాడు, రాజేశం విన్నాడు. బూడిద రంగు సిలిండర్ అడిగి ఉంటే అదీ వినేవాడు.

కాబట్టి మీ జాలి నాకు అక్కర్లేదు, భాగ్యకూ అక్కర్లేదు. మీ ఇంట్లోనో, దుకాణంలోనో, ఆఫీసులోనో ఏసీ పని జరుగుతున్న రోజున కుర్చీలోంచి లేవండి. మేడెక్కండి. పైపులకు బిగించిన సిలిండర్ ఏదో మెకానిక్‌ను నోరు తెరిచి అడగండి. రంగును ఒక్కదాన్నే నమ్మకండి, పైన రాసిన పేరు చదవండి. ఆక్సిజన్ అయితే పని అక్కడే ఆపించండి, నైట్రోజన్ తెచ్చేదాకా ముట్టుకోనివ్వకండి. టెస్ట్ పూర్తి కాలేదని అతనంటే, మీ పంతులు, మీ పంచాంగం, మీ ఇంట్లో పెద్దవాళ్లు అందరూ కలిసి ఒక్క నిమిషమే అని బతిమాలినా సరే, ఆ స్విచ్ మీద ఎవరి చెయ్యీ పడనివ్వకండి.